బేక్‌లైట్ వాసన

మూడు దినాలైంది. అపార్టుమెంటుల ఎవరన్న ఎదురొస్తే ఇప్పటికీ ఫోన్ చెవికి పెట్టుకొని, రాని కాల్ మాట్లాడుకుంట పోతున్న. రాస్తే జర భారం దిగుతదేమో అని రాస్తున్న.

మా బిడ్డ సోపతిదాని పుట్టినరోజుకు పోయి బర్గర్ తిని వచ్చింది. దాన్ల ఉల్లిగడ్డలు రాగిరంగుల, తియ్యగ, జామ్ లెక్క ఉన్నయట. కారమలైజ్డ్ ఆనియన్స్ అంటరట. "డాడీ, ఇంట్ల చేసుకోవచ్చు, పది నిమిషాలే" అని ఫోన్ల వీడియో చూపెట్టింది. ఆదివారం. మా ఆమె కరీంనగర్‌ల వాళ్ల అక్క దగ్గరికి పోయింది. నేనేమో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేటోన్ని. ఇవన్ని ఒక్కదగ్గర కలిస్తే ఏమైతదో మీకు సమజయ్యే ఉంటది.

హన్మకొండ రైతుబజార్‌కు పోయి కిలోన్నర తెచ్చిన. కోసిన. ఏడ్చిన. (ఉల్లిగడ్డల కన్నీళ్లు తెప్పించే గ్యాసును తయారుచేసేటందుకు ఒక ఎంజైమ్ వేరే ఉన్నదని కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్తలకు 2013ల ఇగ్ నోబెల్ ఇచ్చిన్రు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. కత్తిపీట ముందల కూసున్నోనికి ఆ నవ్వు ఎటువోతదో తెల్వదు.) కడాయి పెట్టిన, వెన్న వేసిన, ఉల్లిగడ్డలు వేసిన. ఇక్కడిదాక వీడియోకు నాకు తేడా లేదు.

పదో నిమిషంల వీడియో పిల్ల తెల్లటి ఉల్లిగడ్డలను గంటెతోని ఒక్క తిప్పు తిప్పి "ఇప్పుడు చూడండి" అన్నది. రాగిరంగు! నా కడాయిల మాత్రం నీళ్లు. అచ్చం పులుసు. అమ్మ వచ్చి గడపల నిలబడి తొంగిచూసింది.

"ఏందిరా, గిన్ని ఉల్లిగడ్డలు పెట్టి ఏం కూర?"

"కూర కాదమ్మా. బర్గర్ల పెట్టుకునేది."

"కిలోన్నర బర్గర్ల పెడుతరా?"

"ఉడికితే తగ్గుతదమ్మా. ఒక గిన్నెడు అయితది."

అమ్మ నన్ను కింది నుంచి మీది దాక చూసింది. "నాలుగు దినాల కూర గిన్నెడు చేసుటానికా నిన్ను గంత చదివిచ్చింది" అని టీవీ ముందలికి పోయింది.

ఉల్లిగడ్డల నూటికి 89 పాళ్లు నీళ్లే. నీళ్లు ఉన్నంత సేపు కడాయిల వేడి 100 డిగ్రీల దగ్గరనే ఆగుతది. పేరుకు కారమలైజ్డ్ అంటరు గాని, ఆ రంగు తెచ్చేటిదాంట్ల పెద్ద పాలు 1912ల మెయిలార్డ్ అనే ఫ్రెంచాయన చెప్పిన చర్యదే, వేడికి చక్కెరలు, అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ ముక్కలు) కలిసి రంగు తేలుడు అన్నమాట. అది జోరు మీద జరగాలంటే 140 డిగ్రీలు దాటాలె. అంటే కిలోకు పైగ నీళ్లు ఆవిరైపోతె గాని రంగు అనే ముచ్చటే లేదు. కిలో నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 2260 కిలోజౌళ్ల వేడి కావాలె. చిన్న మంట మీద లెక్క గడితే ఇంచుమించు గంట. ఇసొంటి లెక్కలు ఏటా పిల్లలతోని బోర్డు మీద చేయిస్త. తప్పు చేసినోన్ని నిలబెడుత. మా వంటింట్ల బోర్డు లేదు, అందుకే చేయలేదని అనుకోండ్రి.

వెయ్యి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006ల రాయికి రాయి విప్పితే, మళ్ల లేచి నిలబడి జనానికి తెరుచుకునేసరికి 2024. పద్దెనిమిదేండ్లు ఎదురుచూసిన ఊరోళ్లం మేము. నాకు ముప్పై నిమిషాలకే ఓపిక ఒడిసింది.

అప్పుడు నా లోపటి కెమిస్ట్రీ సారు లేచిండు. క్షారం తగిలితే మెయిలార్డ్ చర్య ఉరుకుతది. క్షారం అంటే తినే సోడా, పోపు డబ్బా పక్కకే ఉన్నది. చిటికెడు చాలు. కాని చిటికెడు అనే కొలత మా ల్యాబుల లేదు. చెంచెడు వేసిన. ఉల్లిగడ్డలు ఒక్కసారి పసుపుపచ్చగ మారి, కరిగి, చంటిపిల్లలకు పెట్టే ఉగ్గు లెక్క అయినయి. దాన్ని చూసుడు ఇష్టం లేక మంట పెద్దగ చేసిన.

గప్పుడే ఫోన్ మోగింది. అపార్టుమెంటు గ్రూపు. మా సెక్రటరీ సారు. 'అర్జెంట్' అని రాయకుండ ఆయన గుడ్ మార్నింగ్ సుత పెట్టడు. "అర్జెంట్. డక్ట్ దిక్కు నుంచి కాలిన వాసన. వైరింగ్ కావచ్చు. అందరు మీ మీ ఇండ్లల్ల చెక్ చేసుకోగలరు."

నేను ముక్కు ఎగబీల్చిన. నిజమే, వాసన. "అవును సార్, మా దిక్కు ఇంకా ఎక్కువ వస్తున్నది" అని పెట్టిన.

ఈ వాక్యం ఇప్పటికీ గ్రూపుల ఉన్నది. దాని కింద ఇరవై రెండు నవ్వు బొమ్మలు ఉన్నయి.

ఒక మనిషి తన కడాయి ముందల నిలబడి, చేతుల గంటె పట్టుకొని, ఎవరింట్లనో వైరు కాలుతున్నదని ఎట్ల రాస్తడు? మూడు దినాల సంది నేను సుత గిదే అడుగుతున్న. ముక్కుకు ఒక గుణం ఉంటది. చేపల మార్కెట్‌ల పొద్దంత కూసున్నోనికి చేపల వాసన రాదు. అరగంట సంది ఆ ఆవిరిల నిలబడ్డ నా ముక్కు, ఉల్లిగడ్డను ఎప్పుడో లెక్కల నుంచి తీసేసింది. కొత్తగ తగిలిన మాడు వాసన ఒక్కటే మిగిలింది. కొత్తది కాబట్టి బయటిదే అనుకున్న.

"బిడ్డా, జర కలుపుతుండు, రెండు నిమిషాలల్ల వస్త" అన్న. అది తల ఊపింది. చెవులల్ల ఇయర్‌ఫోన్లు ఉన్నయని, ఊపింది పాటకని తర్వాత తెలిసింది.

కింద పార్కింగ్‌ల మీటర్ల పెట్టె ముందల అప్పటికే నలుగురు జమయిన్రు. సెక్రటరీ సారు అంగీ జేబుల టెస్టర్ స్క్రూడ్రైవర్. పెన్ను పెట్టుకున్నట్టు పెట్టుకుంటడు, పెండ్లికి పోయినా అది ఉంటది. రెండో అంతస్తు బ్యాంకు సారు ఒక్కో మీటర్ దగ్గర ముక్కు పెట్టి, కండ్లు మూసి, అత్తరు చూసినట్టు చూస్తున్నడు. ఎదురు ఫ్లాట్ తమ్ముడు "షార్ట్ సర్క్యూటే, మా కాజీపేట ఇంట్ల గిట్లనే అయింది" అని మొదలుపెట్టిండు. ఆ కాజీపేట ఇల్లు ఎవ్వరికీ పట్టలే. వాచ్‌మెన్ మల్లెచెట్టుకు నీళ్లు పోసుకుంటనే అన్నడు:

"సారూ, గిది కూర వాసన లెక్క కొడుతున్నది గదా."

"నీకేం తెలుసు, ఊకో" అన్నడు సెక్రటరీ సారు.

అక్కడితోని ఆగినా బాగుండు. నేను ఆగలే. "వైరింగ్ కాలేటప్పుడు మొదట గిట్లనే తియ్యగ ఉంటదిలే" అని వాచ్‌మెన్‌కు చెప్పిన. ఓపికతోని, పాఠం చెప్పినట్టు చెప్పిన. అది తలుచుకున్నప్పుడల్ల రాత్రి నిద్రల దుప్పటి మొఖం మీదికి గుంజుకుంటున్న.

ఇగ వాసన చూసుడు షురూ. మొదటి అంతస్తు, డక్ట్ తలుపు తీసి నలుగురం ఒక్కసారి ఊపిరి గుంజినం. రెండో అంతస్తు, మళ్ల గుంజినం. మూడో అంతస్తుల బ్యాంకు సారు "ఇక్కడ ఎక్కువ" అన్నడు. నాలుగో అంతస్తుల మా ఇల్లు. అక్కడికి పోతె ఈ కథ అప్పుడే ఒడిసేది. కాని సెక్రటరీ సారుకు మోకాళ్ల నొప్పులు. "మీదికి పోయే పని లేదు, లోపం కిందనే ఉంటది, కరెంటు కింది నుంచే గదా మీదికి పోయేది" అన్నడు. ఆ తర్కానికి ఎవ్వరం ఎదురు చెప్పలే. తిరిగి కిందికి. ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి సీజన్ ఘాటును తట్టుకునే ఊరి ముక్కులు ఇవి. నాలుగు కలిసి ఒక్క ఉల్లిగడ్డను గుర్తుపట్టలే.

"మీరు సైన్స్ సార్ గదా, మీరు చెప్పండ్రి" అన్నడు సెక్రటరీ సారు.

నన్ను గట్ల అడగొద్దు. మా ఆమె ఉంటే చెప్పేది, నన్ను గట్ల అడిగితే ఆగనని. నేను గొంతు సవరించుకున్న. "పీవీసీ వైరు కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తది, గొంతుల మంట లేస్తది. మనకెవ్వరికీ లేవలే. కాబట్టి ఇది వైరు మీది పొర కాదు. హోల్డరో, స్విచ్చో. పాతయి బేక్‌లైట్ అనే గట్టి ప్లాస్టిక్‌వి ఉంటయి. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి చేస్తరు. ఇది బేక్‌లైట్ కాలిన వాసన."

అందరు మళ్ల ఒకపారి ఎగబీల్చిన్రు. "ఆ... బేక్‌లైటే" అన్నడు బ్యాంకు సారు, తల ఊపుకుంట. కాజీపేట తమ్ముడు సుత ఊపిండు. వాచ్‌మెన్ ఒక్కడే ఏం అనలే.

"ముందుగాల మెయిన్ బంద్ చేయండ్రి" అని నేనే అన్న.

మెయిన్ పడ్డది. మూడు పనులు ఒక్కసారే అయినయి. మా వంటింట్ల పొగను డక్ట్‌లకు తోలి అపార్టుమెంటు అంతటికి పంచుతున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగింది. అమ్మ చూస్తున్న టీవీ పోయింది. లిఫ్ట్ ఆగింది, ఒకటికి రెండుకు నడుమ. లోపలికెళ్లి దబదబ తలుపు కొట్టుకుంట ఒక గొంతు: "ఎవలన్న ఉన్నరా? ఓ వాచ్‌మెన్!"

సెక్రటరీ సారు మొఖం మారింది. భద్రకాళి గుడికి పోయొచ్చిన వాళ్ల ఆవిడ.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె. కరెంటు పోతె లిఫ్టును దగ్గరి అంతస్తుకు తీసుకపోయి తలుపు తెరిచే బ్యాటరీ ఒకటి ఉంటది. మా లిఫ్టుకు అది పెట్టిస్తమని ఇంటికింత అని రెండేండ్ల కింద వసూలు చేసిన్రు. రసీదు నా దగ్గర ఉన్నది. నేను ఎనిమిది దినాలు వెంట పడి అడిగితే "కొటేషన్లు తెప్పిస్తున్నం" అన్నరు. సరే, ఉల్లిగడ్డలు నావి, తప్పు నాది. బ్యాటరీ ఎవరిదో గూడ ఎవరన్న అడిగితే బాగుండు.

అదే నిమిషంల మీది నుంచి, నాలుగో అంతస్తు బాల్కనీల నుంచి, గల్లీ చివర కిరాణం దాక ఇనబడేటట్టు అమ్మ:

"ఓ కొడకా! నీ ఉల్లిగడ్డలు బొగ్గయినయిరా! ఇల్లంత పొగ! టీవీ సుత పాయె!"

పార్కింగ్‌ల ఎవ్వరూ మాట్లాడలే. లిఫ్టుల దబదబ సుత ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. సెక్రటరీ సారు టెస్టర్‌ను నిదానంగ జేబుల పెట్టుకున్నడు. వాచ్‌మెన్ నా దిక్కు చూడలే. ఒడిసిపోయిన బకెట్‌తోనే మల్లెచెట్టుకు నీళ్లు పోస్తున్నడు.

మెయిన్ వేసిన్రు. లిఫ్ట్ దిగింది. పూలబుట్టతోని మేడం బయటికొచ్చి ఒకే ఒక్కసారి ముక్కు అటు తిప్పి అన్నది:

"ఎవరింట్లనో ఉల్లిగడ్డలు మాడినయి. చూసుకోరా ఏంది?"

పొయ్యి అమ్మనే బంద్ చేసింది. కడాయి ఇంకా నానుతనే ఉన్నది. మీది పొరల మాడకుండ మిగిలినయి రెండు చెంచెలు వచ్చినయి. బిడ్డ నాలుక మీద పెట్టుకొని "సబ్బు లెక్క ఉన్నది డాడీ" అన్నది. సోడా ఎక్కువైతే గట్లనే ఉంటది, కారణం చెప్పబోయిన, ఆగిన. అమ్మ ఎందుకైనా మంచిదని దాచిపెట్టిన రెండు గడ్డలతోని తొక్కు నూరింది. అందరం బువ్వల కలుపుకొని తిన్నం. పది నిమిషాలల్ల అయింది అది.

రాత్రి నిద్ర పట్టక ఆ వీడియో మళ్ల పెట్టిన. ఆ పిల్ల వెనక గోడకు గడియారం ఉన్నది. ఉల్లిగడ్డలు కడాయిల వేసినప్పుడు పదకొండు దాటి ఐదు. "ఇప్పుడు చూడండి" అన్నప్పుడు పన్నెండుంబావు. పది నిమిషాలంటివి కదనే తల్లీ! కింద నాలుగు వందల మంది 'చాలా ఈజీగా అయింది' అని రాసిన్రు. ఎవలు వాళ్లు? వాళ్ల అపార్టుమెంట్లల్ల సెక్రటరీలు లేరా?

తెల్లారి లిఫ్టుల కాయిదం అతికించిన్రు. "వంట చేయునప్పుడు వాసన వచ్చు పదార్థములు వేయించువారు ముందుగా గ్రూపులో తెలియజేయగలరు." కింద పేరు రాయలే. ఫ్లాట్ నంబర్ రాసిన్రు.

నేను మెట్ల మీదికెళ్లే పోతున్న.