లావా రాళ్ల రీల్ గారికి

శ్రీయుత రీల్ గారికి,

నమస్కారం. తమరు సెలవిచ్చినట్టే నిన్న పిల్లల్ని కారులో కుక్కి బందరు రోడ్డెక్కాం. 'సముద్రం ఒడ్డున కోట్ల ఏళ్ల నాటి లావా రాళ్లు, బెజవాడకి గంటన్నర దూరంలోనే' అన్నారు కదా. బెంజ్ సర్కిల్ దాటేసరికే సగం ఓపిక అయిపోయింది, ఆ పాపం తమది కాదులెండి. వెనకాల ఆ డప్పుల మోత ఎందుకో కూడా అడగను.

నేనడిగేది ఆ బొక్క గురించి. నల్లరాయి మీద గుండ్రటి గాడిని చూపించి, బాణం గుర్తు పెట్టి, 'లావా ఊపిరి వదిలిన దారి' అని రాశారు. వేలు పెట్టి మరీ చూశానండీ. గీత గీసినట్టు తిన్నగా ఉంది, పక్క రాయికీ అంతే వెడల్పు, దాని పక్కదానికీ అంతే. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడిగితే 'ఒడ్డు కోత ఆపడానికి టిప్పర్లలో తెచ్చి పోశారు బాబూ' అన్నాడు. అంటే అది క్వారీలో పేలుడు మందు కూరడానికి డ్రిల్లు వేసిన బొక్క! నిజం బసాల్ట్‌లో, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయిలో, గ్యాస్ బుడగల గుంటలు చిన్నచిన్నగా, చెల్లాచెదురుగా ఉంటాయి, స్కేలు పెట్టినట్టు ఉండవు. డ్రిల్లు బొక్కని పట్టుకుని లావా ఊపిరి అంటావా? మా పాప దాని పక్కన ఫొటో దిగి ఇవాళ స్కూల్లో చూపిస్తానని బయల్దేరింది. సైన్సు టీచరుకి నువ్వొచ్చి చెప్తావా సమాధానం?

పోనీ మనకి లావా లేదా అంటే, ఉంది. రాజమండ్రి దగ్గర కాతేరులో, గోదావరికి ఇవతల పంగిడి వైపు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ లావా, పడమటి వైపు నుంచి పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందంటారు. అప్పట్లో సముద్రం అక్కడిదాకా ఉండేది కాబట్టి లావా పొరల మధ్య సున్నపురాయిలో గవ్వల శిలాజాలు దొరుకుతాయి. పాత తీరం, అసలు లావా, రెండూ ఒకేచోట. దాని మీద మాత్రం చెయ్యవు, అక్కడ అలలు లేవు, క్వారీ దుమ్ము ఉంది కదా.

అంతెందుకు, మహాబలేశ్వరం బసాల్ట్ కొండల్లో పుట్టిన కృష్ణ ఎగువ దారిలో ఆ రాయిని అరగదీసి తెచ్చిన ఒండ్రు కూడా మన డెల్టాలో ఉంది. నువ్వు చూపించిన రాళ్లకన్నా నిన్న మా చెప్పులకంటిన నల్ల బురదలోనే ఎక్కువ లావా ఉండుంటుంది. మా ఆవిడ కారు మ్యాట్లు కడుగుతూ ఆ సంగతి వినే మూడ్‌లో లేదు.

డిలీట్ చెయ్యి. కనీసం ఆ బాణం గుర్తన్నా పీకెయ్. పొద్దున్నే మా బావమరిది నిన్ను మళ్లీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, 'సూపర్ ప్లేస్, వచ్చే ఆదివారం అందరం పోదాం' అని.