సముద్రపు చేపల్లో రేడియేషన్: వాట్సాప్ సందేశానికి ఖండన

“ఫుకుషిమా అణు నీళ్లు బంగాళాఖాతంలోకి వచ్చేశాయి, సముద్రపు చేపల్లో రేడియేషన్ నిండిపోయింది, మీటరు పెడితే టకటకమంటోంది, గుంటల్లో పెంచిన రొయ్యలకైతే ఆ భయం లేదు” అన్న సందేశం నెల్లూరు, ఒంగోలు గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. జువ్వలదిన్నె నుంచి కొత్తపట్నం దాకా వేటనే నమ్ముకున్న కుటుంబాల పొట్టకొట్టే మాట ఇది. అందుకే ఒక్కో వాదననూ విడిగా చూడాలి.

చేపలో రేడియోధార్మికత ఉన్న మాట నిజమే. అయితే అందులో దాదాపు అంతా ప్రకృతి సిద్ధమైనదే. సెకనుకు ఒక పరమాణువు విఘటన చెందితే ఒక బెకరెల్ అంటారు. పొటాషియంలో సహజంగానే కొద్దిగా ఉండే రేడియోధార్మిక రూపం పొటాషియం-40 వల్ల లీటరు సముద్రపు నీటిలో దాదాపు 12 బెకరెల్‌లు, 70 కిలోల మనిషి ఒంట్లో దాదాపు 4,000 బెకరెల్‌లు ఎప్పుడూ ఉంటాయి.

చేపల విషయంలో నిజంగా లెక్కలోకి తీసుకోవలసినది పొలోనియం-210. సహజ యురేనియం వరుసగా విఘటన చెందుతూ పోయే క్రమంలో పుట్టే ఈ రేడియోధార్మిక మూలకం, నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లవకాల ద్వారా చేపల్లోకి, రొయ్యల్లోకి చేరి, కండలో కన్నా కాలేయంలోనూ, పేగుల్లోనూ, రొయ్య తలలోని జీర్ణగ్రంథిలోనూ ఎక్కువగా నిలుస్తుంది. బజారులో చేపలు కోసే అక్క పేగులు లాగేసి, రొయ్య తల తుంచి, వీపు మీది నల్లటి నరం తీసి ఇచ్చేసరికే అందులో పెద్ద వాటా పోతుంది. పేగులతో సహా ఎండబెట్టిన నెత్తళ్లలోనూ, ఆల్చిప్పల వంటి గుల్లజీవుల్లోనూ ఇది ఎక్కువే ఉంటుంది, దాచవలసిన పని లేదు. ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ చేపలకు సూచిక విలువగా తీసుకున్నది కిలోకు 2 బెకరెల్‌లు. ఆ లెక్కన వారానికి అరకిలో చొప్పున ఏడాది పొడవునా తిన్నా పొలోనియం వల్ల చేరే మోతాదు సుమారు 0.06 మిల్లీసీవర్ట్ (ఒంటికి చేరే రేడియేషన్‌కు కొలమానం). గాలి, నేల, ఆకాశం, ఆహారం అన్నీ కలిపి ప్రపంచంలో సగటు మనిషికి ఏటా సహజంగా అందేది 2.4 మిల్లీసీవర్ట్‌లు.

ఇక 2011లో ప్రమాదానికి గురైన జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం సంగతి. 2023 ఆగస్టు 24 నుంచి వదులుతున్న శుద్ధి చేసిన నీటిలో ప్రధానంగా మిగిలేది ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్. దాన్ని లీటరుకు 1,500 బెకరెల్‌ల లోపుకు పలుచన చేశాకే వదులుతారు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువే 10,000. ట్రిటియం చేప ఒంట్లో పొలోనియంలా పేరుకోదు, పైగా ఒక్కో బెకరెల్‌కు పొలోనియం చేసే హాని దానికి 60 వేల రెట్లకు పైనే. 2011 ప్రమాదం తరువాత అమెరికా పశ్చిమ తీరంలో పట్టిన ట్యూనా చేపల్లో ఫుకుషిమా నుంచి వెలువడిన సీజియం అనే రేడియోధార్మిక మూలకం కనిపించిన మాట వాస్తవం. కానీ ఆ చేపల్లోనే ఉన్న సహజ పొలోనియంతో పోలిస్తే దాని వల్ల మనిషికి చేరే మోతాదు వందల రెట్లు తక్కువని తేలింది.

గుంట రొయ్యకు రేడియేషన్ లేదనడమూ తప్పే. ఉప్పదనం తక్కువైన గుంటల్లో వనామీ రకం రొయ్యల రైతులు చల్లే పొటాష్ (పొటాషియం లవణం)లో ప్రతి గ్రాము పొటాషియంకూ 31 బెకరెల్‌లు ఉంటాయి. దానికీ భయపడనక్కర్లేదు.

మీటరు సంగతి. పొలోనియం వెలువరించే ఆల్ఫా కణాలు చేప కండ దాటి బయటికే రావు, కాబట్టి చేతి మీటరుకు అవి దొరకవు. వీడియోలో వినిపించే చప్పుడు నేల నుంచి, గోడల నుంచి, ఆకాశం నుంచి వచ్చే కిరణాలది. ఖాళీ బల్ల మీద పెట్టినా అలాగే మోగుతుంది. ఆహారంలో సీజియంకు జపాన్ పెట్టుకున్న పరిమితి కిలోకు 100 బెకరెల్‌లు. అంత తక్కువ మోతాదును తేల్చాలంటే చేప ముక్కలను సీసపు కవచంలో ఉంచి ఏ మూలకం నుంచి ఎంత గామా కిరణం వస్తోందో విడదీసి చూపే గామా స్పెక్ట్రోమీటర్‌తో కొలవాలి.