సైకాలజిస్టు రిపోర్టు పిచ్చి సర్టిఫికెట్ కాదు: వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

కొన్నాళ్లుగా నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు హెచ్చరిక" అని మొదలవుతుంది. ఇమ్మిగ్రేషన్ కేసులో లాయరు సైకాలజిస్టు దగ్గరికి పొమ్మంటే పోవద్దంటుంది. పోతే పిచ్చి అని రికార్డులో పడుతుందట, వీసా పోతుందట, పిల్లలను సర్కారు తీసుకుపోతుందట. అదే మెసేజ్ కింది సగంలో, డబ్బు కడితే రిపోర్టు వస్తుంది, రిపోర్టు ఉంటే గ్రీన్ కార్డు వచ్చినట్టే అని కూడా రాసి ఉంది. పైన భయం, కింద ఆశ. రెండూ తప్పే.

నేను లాయరును కాను. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర టైపింగ్, ట్రాన్స్‌లేషన్ పని చేస్తాను. పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, ఎఫ్ఐఆర్ కాపీలు, అఫిడవిట్లు ఇంగ్లీషులోకి మార్చి అమెరికా లాయర్లకు పంపుతుంటాను. ఈ మెసేజ్‌ను నాకు చూపించింది దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ఒక తల్లి. ఆమె బిడ్డ అమెరికాలో ఉంది. అల్లుడికి గ్రీన్ కార్డు ఉంది. అల్లుడు కొడతాడు. బిడ్డ ఇల్లు విడిచి బయటికొచ్చి ఒక లాయరును పట్టుకుంది. సైకాలజిస్టును కలవమని లాయరు చెబితే, ఈ మెసేజ్ చూసిన తల్లి వద్దంది. బిడ్డ రెండుసార్లు అపాయింట్‌మెంట్ వాయిదా వేసింది. "నా బిడ్డ పిచ్చిది కాదు సారూ. కాయితం మీద అట్ల రాస్తే రేపు దాని బతుకు ఏం గావాలె?" అని అడిగింది. ఆ తల్లీబిడ్డల అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

"పిచ్చి అని ముద్ర పడుతుంది, వీసా పోతుంది."

మన దగ్గర మనసు డాక్టరు అనగానే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి గుర్తుకొస్తుంది. "వాణ్ని ఎర్రగడ్డకు పంపాలె" అని చిన్నప్పటి నుంచి తిట్టుగా విన్నవాళ్లం. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ అమెరికా చట్టంలో మాట వేరే ఉంది. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన ఎవరినీ ఆపరు. ఆ జబ్బు వల్ల తనకో ఇతరులకో ఆస్తికో హాని చేసే ప్రవర్తన ఉంటేనే, లేదా గతంలో ఉండి మళ్లీ జరిగేటట్టు ఉంటేనే అది అడ్డవుతుంది. దాన్ని చూసేది కూడా సర్కారు గుర్తించిన డాక్టరు చేసే మెడికల్ పరీక్షలో. నిద్ర పట్టకపోవడం, దిగులు, జరిగింది మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు రావడం, ఇవి వీసా పోగొట్టే కారణాలు కావు. నిజంగానే తీవ్రమైన జబ్బు ఉండి కోర్టులో ఏం జరుగుతుందో అర్థం కాని స్థితిలో ఉన్న మనిషి విషయంలో కూడా, తగిన రక్షణలు కల్పించాకే జడ్జి కేసు నడపాలని ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2011లోనే చెప్పింది.

ఇంకో సంగతి. లాయరు పంపే సైకాలజిస్టు రాసే రిపోర్టు మామూలుగా లాయరు చేతికే వస్తుంది. కేసుకు పనికొస్తుంది అనుకుంటేనే దాన్ని దాఖలు చేస్తారు.

"పిల్లలను తీసుకుపోతారు."

తల్లి దిగులుగా ఉందని రాసినందుకు పిల్లలను ఎవరూ తీసుకుపోరు. అయితే ఇందులో దాచకూడని నిజం ఒకటుంది. పిల్లల మీద దెబ్బలు పడుతున్నాయని తెలిస్తే సైకాలజిస్టు దాన్ని అధికారులకు చెప్పి తీరాలి, అక్కడి చట్టం అది. ప్రాణాలు తీసుకునే ప్రమాదం కనిపించినా ఊరుకోరు. ఈ సంగతి మొదటి పది నిమిషాల్లోనే చెప్పాలి. చెప్పకపోతే అడగండి. విడాకులు, పిల్లల కస్టడీ కేసు కూడా నడుస్తుంటే, ఈ రిపోర్టు అక్కడ బయటికి వస్తుందా అని లాయరును ముందే అడగండి.

"భర్తకు తెలిసిపోతుంది, పగబడతాడు."

1994లో అమెరికాలో వచ్చిన వావా చట్టం (ఇంటి హింసకు గురైనవాళ్లను కాపాడే చట్టం) కింద, కొట్టే భర్త గాని భార్య గాని అమెరికా పౌరులో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో అయితే, బాధపడుతున్న మనిషి వాళ్ల సంతకంతో పని లేకుండా గ్రీన్ కార్డు కోసం సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. మగవాళ్లు కూడా చేసుకోవచ్చు. అటువంటి దరఖాస్తు ఉందన్న సంగతిని అధికారులు బయటపెట్టకూడదు. బయటపెడితే 5,000 డాలర్ల వరకు జరిమానా. భర్త చెప్పిన మాట ఒక్కటే పట్టుకుని ఆమెకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకోకూడదు కూడా.

మనవాళ్లలో చాలామంది ఆడపిల్లలు హెచ్4 (హెచ్1బీ పని వీసా ఉన్న భర్త వెంట వెళ్లే భార్యకిచ్చే వీసా) మీద వెళ్తారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. భర్త హెచ్1బీ మీద ఉంటే వావా దరఖాస్తు కుదరదు. అమెరికాలోనే నేరం జరిగి, పోలీసులకు సహకరిస్తే, నేర బాధితులకిచ్చే యూ వీసాకు దారి ఉంది. దానికి ఏడాదికి 10,000 మందికే పరిమితి, ఎదురుచూపు ఏళ్ల తరబడి. హింసకు గురైన హెచ్4 భార్యలు పని పర్మిట్‌కు వేరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మెసేజ్ రాసినవాళ్లు వీటిలో ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

"లాయరుకు అన్నీ చెప్పినంక మళ్లీ సైకాలజిస్టుకు చెప్పుడు దండుగ."

నాకు అన్నింటికంటే బాధ కలిగించిన మాట ఇది. ఎందుకో చెబుతాను. ఆ అమ్మాయి తన స్టేట్‌మెంట్‌ను తెలుగులో వాయిస్ మెసేజ్‌లుగా పంపింది. నేను రాసుకుంటూ పోతున్నాను. ఒక రాత్రి గురించి మొదటి మెసేజ్‌లో "దసరా అయిన తెల్లారి" అంది. ఇంకో దాంట్లో "బతుకమ్మ అప్పుడు" అంది. తారీఖు అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. "యాదికొస్తలేదన్నా" అంది. అదే మనిషి, కుక్కర్ మూడో విజిల్ వేస్తుండగా మొదటి దెబ్బ పడిందని చెప్పింది. స్టీలు గ్లాసు దొర్లుకుంటూ పోయి ఫ్రిజ్ కింద ఆగిందని చెప్పింది. ఆ గ్లాసు కోసం వంగితే రెండో దెబ్బ పడిందట.

మనవాళ్లు జరిగిన సంగతులను పండుగలతో గుర్తుపెట్టుకుంటారు. దసరా 2022లో అక్టోబరు 5న వచ్చింది, 2024లో 12న వచ్చింది. అమెరికాలో కాగితం చదివే అధికారికి ఇది తెలియదు. ఒక చోట ఒక తేదీ, ఇంకో చోట ఇంకో తేదీ కనిపిస్తే అబద్ధం అనుకుంటాడు. శరణు కేసుల్లో, అంటే సొంత దేశంలో హింస భయం ఉందని అమెరికాలో ఆశ్రయం అడిగే కేసుల్లో, ఇది మరీ కష్టం. అసలు సంగతికి సంబంధం లేని చిన్న తేడాలను బట్టి కూడా మనిషిని నమ్మకపోవడానికి జడ్జికి 2005లో వచ్చిన చట్టం వీలిచ్చింది.

సైకాలజిస్టు చేసేది ఇక్కడే. ఒకటి రెండు సిట్టింగుల్లో, కొన్ని గంటలపాటు, చిన్నతనం నుంచి ఇవాళ్టి దాకా అడుగుతారు. నిద్ర, ఆకలి, పీడకలలు, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడటం, అన్నీ చూస్తారు. ప్రశ్నావళులతో కొలుస్తారు. భయంలో మెదడు గ్లాసు చప్పుడును గట్టిగా పట్టుకుని తారీఖును వదిలేయడం జరిగేదే అని, ఈ మనిషిలో అది ఎట్లా కనిపించిందో రాస్తారు. వావా దరఖాస్తు చాలావరకు కాగితాల మీదే తేలుతుంది. ఒంటి మీద వాతలు మాని కనిపించకుండా పోయాక ఆమె లోపల ఏం మిగిలిందో చెప్పే కాగితం ఇదే. తారీఖు గుర్తు లేకపోతే గుర్తు లేదనే చెప్పాలి. ఊహించి చెప్పిన తేదీ ముందుముందు మెడకు చుట్టుకుంటుంది.

"డబ్బు కడితే రిపోర్టు, రిపోర్టు ఉంటే గ్రీన్ కార్డు."

రిపోర్టు ఒక సాక్ష్యం, అంతే. దానికి ఎంత విలువ ఇవ్వాలో కేసు చూసే అధికారి లేదా జడ్జి ఇష్టం. 2000 నుంచి 2004 వరకు ఫిజీషియన్స్ ఫర్ హ్యూమన్ రైట్స్ సంస్థ డాక్టర్లు పరీక్షించిన శరణు కేసుల్లో 89 శాతం గెలిచాయని, అదే కాలంలో దేశం మొత్తం మీద ఆ లెక్క 37.5 శాతమని 2008లో ఒక అధ్యయనం వచ్చింది. ఈ అంకెను చూపించి గ్యారంటీ అనేవాళ్లను నమ్మకండి. ఆ కేసులు ముందే లాయర్లు చూసి ఎంచుకున్నవి, మంచి లాయర్లు ఉన్నవి. ఆ సంస్థ డాక్టర్లు డబ్బు తీసుకోకుండా చేస్తారు. కొన్ని మెడికల్ కాలేజీల్లో కూడా ఇటువంటి ఉచిత క్లినిక్‌లు ఉన్నాయి. కాబట్టి డబ్బు కడితేనే రిపోర్టు అన్న మాట కూడా అందరికీ వర్తించదు.

కల్పించి చెప్పి ఏడిస్తే సరిపోతుందని ఎవరైనా కన్సల్టెంట్ చెబితే అక్కడి నుంచి లేచి రండి. అతిగా చెప్పేవాళ్లను పట్టుకునే టెస్టులు కూడా సైకాలజిస్టుల దగ్గర ఉంటాయి. శరణు దరఖాస్తులో తెలిసి తెలిసి కీలకమైన అబద్ధం రాశారని జడ్జి తేలిస్తే, ఆ మనిషికి జీవితాంతం అమెరికా ఇమ్మిగ్రేషన్‌లో దాదాపు అన్ని తలుపులూ మూసుకుపోతాయి.

"ఇక్కడి డాక్టరుతో రాయించి పంపితే చాలు."

మర్రిగూడ దిక్కు నుంచి ఒక తండ్రి, ఫ్లోరైడ్‌తో వంగిపోయిన తన కాళ్ల ఎక్స్‌రేలు పట్టుకొచ్చాడు. కొడుకును పంపించేస్తారేమో, నా జబ్బు చూపిస్తే ఆపుతారు గదా అని. ఆయనకు చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఇంటివాళ్ల కష్టం చూపించి, దేశం నుంచి పంపించకుండా ఆపమని అడిగే మినహాయింపుల్లో లెక్కలోకి వచ్చేది అమెరికా పౌరులు గాని గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు గాని అయిన దగ్గరి బంధువుల కష్టమే. ఊళ్లో ఉన్న తండ్రి కష్టం ఎంత పెద్దదైనా ఆ లెక్కలోకి రాదు. అందుకే ఆ కేసుల్లో చాలాసార్లు సైకాలజిస్టు ముందు కూర్చోవలసింది కేసున్న మనిషి కాదు, అక్కడ ఉన్న భార్యో భర్తో. ఇక్కడ నిజంగా చేయించుకున్న పాత వైద్యం కాగితాలు పనికొస్తాయి. ఇప్పుడు రాయించి పాత తారీఖు వేయించడం నేరం.

చివరిది మెసేజ్‌లో లేదు, కానీ నేను చూసింది. మనం "పానం మంచిగ లేదు" అంటాం. దిగులుకు అదే మాట, జ్వరానికీ అదే మాట. ఒక కేసులో దుబాసీ (మన మాటను ఇంగ్లీషులో చెప్పే మనిషి) దాన్ని ఒంట్లో నలతగా చెప్పేశాడు, సైకాలజిస్టు కడుపునొప్పి గురించి అడగడం మొదలుపెట్టింది. దుబాసీగా బంధువును గాని, ఇరుపక్షాలకూ తెలిసిన ఊరి మనిషిని గాని పెట్టుకోవద్దు. మన దిక్కు తెలుగు తెలిసిన మనిషి కావాలని ముందే అడగాలి.

ఇదంతా ఆ తల్లికి రెండు రోజులు కూర్చోబెట్టి చెప్పాను. మూడో రోజు ఆమే వచ్చి బిడ్డకు వీడియో కాల్ కలపమంది. "పో బిడ్డా, పోయి మంచిగ చెప్పు. నేనే వద్దన్న, తప్పు నాది" అంది. బిడ్డ కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, దుబాసీ గురించి లాయరుకు ఇంగ్లీషులో ఏమని రాయాలన్నా అని నన్ను అడిగింది.