ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్ దొరవారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్ దొరవారి సముఖానికి, విశాఖపట్నంలో లెగో బండ్లు కట్టుకునేవాళ్లం నమస్కరించి రాసుకునేది.

అయ్యా, రిమోట్ మాట విని మోటారుని తిప్పే తమరు 2007లో, లెగో వాళ్ల మోటార్లు, రిమోట్ల వరస పవర్ ఫంక్షన్స్‌తో పాటు కొలువులో చేరారు. 2018 నుంచి దాని వారసుడు పవర్డ్ అప్ వచ్చి తమరిని మెల్లగా ఇంటికి సాగనంపింది. అయినా మా డబ్బాల్లో తమరి పెత్తనం ఇసుమంత కూడా తగ్గలేదు. బండి కట్టాలనుకున్న ప్రతివాడూ ముందు మోటారు ఎంచుకుంటాడు, తమరిని ఆఖర్న ఎక్కడో ఇరికిస్తాడు. ఆ మోటారు తిరగాలా వద్దా అని తేల్చేది తమరేనని పాపం వాడికి తెలియదు.

ముందు తమరి దర్శనభాగ్యం సంగతి. నెత్తిమీది ఆ నల్ల బుడిపె రిమోట్‌కి కనబడితేనే తమరి దగ్గర ఫైలు కదులుతుంది. బండి అందం చెడుతుందని క్యాబిన్ లోపల దాచామా, ఇక అంతే. హాల్లో అయితే గోడకి తగిలి తిరిగొచ్చిన సిగ్నల్‌ని కూడా దయతో స్వీకరిస్తారు. అదే మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో ఎండలోని ఇన్‌ఫ్రారెడ్‌కి తమరి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఎదురుగా నిలబడి మీట నొక్కుతున్నా పచ్చలైటు మిణుక్కుమనదు. బుడిపె చుట్టూ ఒక ఇటుక ఎత్తున గొడుగు కడితే కొంత నయం. పొద్దు వాలాక బయటికి తీస్తే ఇంకా నయం.

తమరి దగ్గర మోటార్లు తగిలించే కిటికీలు రెండే, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. చానెళ్లు నాలుగు. అంటే ఒక గదిలో నలుగురు దొరలు, ఎనిమిది అవుట్‌పుట్లు. ఐదో బండి వచ్చిందంటే ఎవరి రిమోట్‌కి ఎవరి బండి పరిగెడుతుందో ఆ సింహాద్రి అప్పన్నకే తెలియాలి.

రిమోట్ల విషయంలో తమరి న్యాయం మరీ విచిత్రం. మీటల రిమోట్ మీద వేలు తీస్తే బండి ఆగుతుంది. చక్రాల రిమోట్‌లో ఒక్కో టిక్కుకి ఒక్కో మెట్టు చొప్పున ఏడు వేగం మెట్లు ఉంటాయి, ఎర్ర బటన్ నొక్కేదాకా ఆఖరి ఆర్డరే అమలవుతుంది. బండి తమరి చూపు దాటి పోయినా ఆపరు, పైగా వేగం కూడా తగ్గించరు. బీచ్ రోడ్డు వాలులో ఇది ఎక్కడ తేలుతుందో చెప్పక్కర్లేదు. అలాగని మీటల రిమోట్‌తో సర్వో మోటారు తిప్పితే స్టీరింగ్ పూర్తిగా ఈ పక్కకో పూర్తిగా ఆ పక్కకో కొడుతుంది, మధ్యలో ఉన్న మెట్లన్నీ వృథా. అందుకని స్టీరింగ్‌కి చక్రం, డ్రైవ్‌కి మీట. రెండు రిమోట్లు పట్టుకోవడానికి చేతులు చాలకపోతే అది తమరి బాధ్యత కాదు, ఒప్పుకుంటాం.

ఇక కరెంటు. ఎం, ఎల్, ఎక్స్‌ఎల్ అని మోటార్ల సైజులు. 9 వోల్టుల దగ్గర వాటిలో పెద్దదైన ఎక్స్‌ఎల్ మోటారు ఖాళీగా నిమిషానికి దాదాపు 220 చుట్లు తిరుగుతుంది, బిగుసుకుపోతే సుమారు 1.8 ఆంపియర్లు లాగుతుంది. ప్లగ్గులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి కదా అని ఒకే కిటికీకి రెండు ఎక్స్‌ఎల్‌లు తగిలించి బండిని గట్టు ఎక్కిస్తే తమరు కలం కింద పెట్టేస్తారు. మోటారు కాలిపోయిందని మావాడు గుండెలు బాదుకుంటాడు. ఏమీ కాలదు. కాసేపు ఆపితే మళ్లీ డ్యూటీలో చేరతారు. కిటికీకి ఒక ఎక్స్‌ఎల్ చాలు. కావాలంటే ఇంకో రిసీవర్‌ని అదే చానెల్‌లో కూర్చోబెట్టాలి. ఎక్కువ కరెంటు లాగే బగ్గీ మోటారుకైతే పాత రిసీవర్ పనికిరాదు, వి2 అని రాసి ఉన్నదే వెతుక్కోవాలి.

ఎక్స్‌ఎల్ అంటే ఎందుకంత మోజో మాకు అర్థం కాదు. లెక్క ఇంతే. కిలోన్నర లారీ, 62.4 మిల్లీమీటర్ల టైరు, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు 15 డిగ్రీలనుకుందాం. ఇరుసు దగ్గర సుమారు 12 న్యూటన్ సెంటీమీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, కావాలి, రాపిడికి ఇంకొంచెం. ఎం మోటారు బిగుసుకుపోయే హద్దే 11, కాబట్టి నేరుగా తగిలిస్తే కదలదు. ఎల్ మోటారుకి 8 పళ్ల గేరు నుంచి 24 పళ్ల గేరు వేస్తే టార్క్ మూడింతలవుతుంది, బండి నిక్షేపంగా ఎక్కుతుంది. పైగా ఎల్ 3×4×7 స్టడ్లలో (ఇటుక మీది బొడిపెల లెక్క) ఇమిడిపోతుంది, ఎక్స్‌ఎల్‌కి 5×5×6 కావాలి, చిన్న లారీలో ఆ చోటెక్కడిది? ఆ గేరు తగ్గింపు మోటారు దగ్గర కాకుండా చక్రం దగ్గర పెట్టాలి. లేకపోతే పొడుగాటి ఇరుసు మెలితిరుగుతుంది, రెండు చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్ దగ్గర 12 పళ్ల గేరు టకటకమని జారుతుంది.

బ్యాటరీ డబ్బాలో ఆరు డబుల్ ఏ సెల్స్. మామూలువైతే 9 వోల్టులు, చార్జింగ్‌వైతే 7.2. వేగంలో ఐదో వంతు అక్కడే పోతుంది, ఆ నింద కూడా చివరికి తమరి మీదే పడుతుంది.

తమరి వారసుడు, బ్యాటరీ, రిసీవర్ ఒకే డబ్బాలో ఉన్న పవర్డ్ అప్ బ్లూటూత్ హబ్‌కి ఎండ బాధ లేదు, ఎదురుగా నిలబడాల్సిన పనీ లేదు. కాకపోతే ప్లగ్గు వేరు, మా పాత మోటార్లని గడప తొక్కనివ్వడు. నాలుగు పోర్టుల టెక్నిక్ హబ్ అయితే ఫోను చూపించందే మాట్లాడడు. ఫోను తెర మీద వేలు ఎటు జారిందో చూసుకునేలోగా బండి గోడకి గుద్దుకుంటుంది. పైబ్రిక్స్ అనే బయటివాళ్ల ఫర్మ్‌వేర్ (హబ్ లోపలి ప్రోగ్రాం) వేసి ప్రోగ్రాం రాసుకుంటే మాత్రం ఫోను లేకుండా చేతి రిమోట్‌కే లొంగుతాడు.

కాబట్టి తమరిని ఉద్యోగంలోంచి తీసెయ్యడం లేదు, బదిలీ చేస్తున్నాం. ఇకమీదట తమరి డ్యూటీ హాల్లో, టేబుల్ మీద పోర్టు క్రేన్‌లో. తిప్పడానికి ఒక ఎం, ఎత్తడానికి ఒక ఎం, తాడు చుట్టే దగ్గర మరలాంటి వర్మ్ గేరు. మోటారు ఆగినా బరువు జారదు, తమరు కునుకు తీసినా ఎవరికీ తెలియదు.

ఇట్లు,
తమరి పచ్చలైటు కోసం ఎదురుచూసే విశాఖవాసులు

తా.క.: క్రేన్ వాడనప్పుడు డబ్బాలోంచి సెల్స్ తీసేస్తున్నాం. మన ఉప్పుగాలికి స్ప్రింగులు తుప్పు పట్టాక, కరెంటు అందలేదని మళ్లీ మామీద మెమో రాయకండి.