మోకాలికి గడువు పెట్టకండి

బ్రెజిల్ ఫుట్‌బాల్ తార నెయ్‌మార్‌కు మళ్లీ దెబ్బ తగిలిందన్న వార్త వచ్చిన రోజున అమలాపురం, భీమవరం, కాకినాడ కాలేజీ కుర్రాళ్ల వాట్సాప్ స్టేటస్‌లు చూడండి. ఇంట్లో మనిషి ఆస్పత్రిలో ఉన్నట్టే ఉంటాయి. గోదావరి డెల్టా కేరళ కాదు. 2022 ప్రపంచకప్ ముందు కోజికోడ్ జిల్లా పుల్లవూరులో నది దగ్గర మెస్సీ, నెయ్‌మార్, రొనాల్డోల భారీ కటౌట్లు లేపితే ఫిఫా కూడా ఆ ఫొటోను పంచుకుంది. మన దగ్గర కటౌట్లు సినిమా హీరోలకు, ఫ్లెక్సీలు నాయకులకు. అయినా పదో నంబరు పసుపు జెర్సీ తొడుక్కుని లంక ఇసుకలో బంతి తన్నే పిల్లలు మనకూ ఉన్నారు. రాత్రంతా ఫోన్లో మ్యాచ్ చూసి, ఎర్రబడ్డ కళ్లతో ఫస్ట్ అవర్ క్లాసుకు పరిగెత్తేవాళ్లూ ఉన్నారు.

"వాడెవడో, నువ్వెవడో, వాడి కాలికి దెబ్బ తగిలితే నీకేంట్రా?" అని ఇంట్లో పెద్దలు కసురుతుంటారు. మేం ఆ మాట అనం. పది పన్నెండేళ్లుగా ఒక ఆటగాడిని చూస్తూ పెరిగిన కుర్రాడికి ఆ బాధ నిజమే. మా అభ్యంతరం కన్నీళ్ల మీద కాదు, కన్నీళ్లు ఆరకముందే వచ్చే ప్రశ్న మీద: "మళ్లీ ఎప్పుడు దిగుతాడు?"

నెయ్‌మార్ గాయాల జాబితా ఇప్పటికే చాంతాడంత. 2014 జులై 4న సొంతగడ్డ మీద కొలంబియాతో క్వార్టర్‌ఫైనల్‌లో వీపుకు మోకాలి దెబ్బ తగిలి వెన్నుపూస చిట్లింది. అతను లేని బ్రెజిల్ సెమీస్‌లో జర్మనీ చేతిలో 7-1తో ఓడింది. 2018 ఫిబ్రవరిలో కుడి పాదం ఎముక విరిగింది, 2019 జనవరిలో అదే పాదంలో అదే ఎముకకు మళ్లీ గాయమైంది. ఖతార్ ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లోనే చీలమండ వాచింది. 2023 అక్టోబరులో మాంటెవీడియోలో ఉరుగ్వేతో మ్యాచ్, మన లెక్కలో తెల్లవారుజామున. ఫస్టాఫ్ ముగియబోతుండగా ఎడమ మోకాలు మడత పడింది. మోకాలి లోపలి కట్టు ఏసీఎల్, కీలు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ రెండూ తెగాయి. ఏడాది తర్వాత 2024 అక్టోబరు 21న తిరిగొచ్చాడు. రెండు వారాలు తిరిగేసరికి తొడ వెనక కండరం పట్టేసి మళ్లీ బయటికి. సుమారు 9 కోట్ల యూరోలు పోసి కొన్న సౌదీ క్లబ్ అల్ హిలాల్‌కు అతను ఆడింది మొత్తం ఏడంటే ఏడు మ్యాచ్‌లు. 2025 జనవరిలో ఆ ఒప్పందం రద్దయింది, తాను పుట్టి పెరిగిన క్లబ్ శాంటోస్‌కు తిరిగి వెళ్లాడు. ఏప్రిల్‌లో శాంటోస్ మైదానంలో తన వందో మ్యాచ్‌కు 100 నంబరు జెర్సీతో దిగి, ఫస్టాఫ్ కూడా పూర్తి చేయలేక తొడ పట్టుకుని ఏడుస్తూ బయటికి నడిచాడు.

ఇంత జరిగిన మనిషికి సానుభూతే దక్కిందా అంటే, లేదు. ఏటా మార్చి 11న వచ్చే చెల్లెలి పుట్టినరోజుకు సరిగ్గా దెబ్బ తగిలించుకుంటాడని జోకులు ప్రపంచమంతా తిరిగాయి, మన గ్రూపుల్లోకీ వచ్చాయి. 2018 ప్రపంచకప్‌లో చిన్న తాకిడికే పొర్లాడు కాబట్టి ఆ వెక్కిరింతకు కొంత కారణం అతనిదే, కాదనలేం. కానీ దాని ఫలితం చూడండి. నిజంగా పడిపోయినప్పుడు కూడా నమ్మేవాడు లేకపోయాడు. ముందురోజు దేవుడన్న నోళ్లే మర్నాడు అద్దం కాళ్లోడు అన్నాయి. ఈ రెండు మాటలూ ఒకేచోట నుంచి పుడుతున్నాయని మా అనుమానం: అతను ఆడితేనే మనవాడు, పడుకుంటే కాదు.

మోకాలికి ఈ గోల పట్టదు. తొడ ఎముకనూ కాలి ఎముకనూ కీలు లోపల కలిపి ఉంచే గట్టి నారపోగుల కట్టు ఏసీఎల్. తెగితే దానంతట అది సరిగా అతుక్కోవడం అరుదు. తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప దగ్గర నుంచో స్నాయువు ముక్క తీసి ఆ చోట బిగిస్తారు. చిక్కంతా ఆ తర్వాతే. బిగించిన ముక్క మొదటి నెలల్లో బలపడే ముందు బలహీనపడుతుంది. అందులోకి కొత్త రక్తనాళాలు పెరగాలి, అది నెమ్మదిగా కట్టులా మారాలి. ఆ నెలల్లోనే వాపు తీస్తుంది, నొప్పి పోతుంది, నడక మామూలవుతుంది. "నాకేం, బాగానే ఉన్నానుగా" అని ఆటగాడికి అనిపించేదీ, లోపలి ముక్క అన్నిటికన్నా బలహీనంగా ఉండేదీ దాదాపు ఒకే సమయంలో. నొప్పి పోయిందంటే నయమైపోయిందని నమ్మే అలవాటు మనది. ఇక్కడ అదే ముంచుతుంది.

నార్వేలో ఆటగాళ్లను వెంబడించి చూసి 2016లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల వరకు ఆటలోకి రావడాన్ని ఆలస్యం చేసిన ఒక్కో నెలకూ మోకాలు మళ్లీ దెబ్బతినే రేటు దాదాపు సగానికి తగ్గిందని అందులో తేలింది. పాతికేళ్లలోపు వాళ్లు మళ్లీ ఆటలోకి దిగితే సుమారు నలుగురిలో ఒకరికి ఆ మోకాలిలోనో రెండోదానిలోనో ఏసీఎల్ మళ్లీ తెగుతోందని అదే ఏడాది వచ్చిన మరో సమీక్ష చెప్పింది. మన స్టేటస్‌లు పెట్టే కుర్రాళ్ల వయసు సరిగ్గా అదే.

ఆగకపోతే ఏమవుతుందో, ఆగితే ఏమవుతుందో బ్రెజిల్ పాత తరం రొనాల్డోనే చూపించాడు. 1999 నవంబరులో మోకాలి స్నాయువు దెబ్బతింది. ఐదు నెలలకే, 2000 ఏప్రిల్ 12న ఇంటర్ మిలాన్ తరఫున ఇటలీ కప్ ఫైనల్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. దిగిన కొద్ది నిమిషాలకే, ఎవరూ తాకకుండానే, బంతితో దిశ మార్చబోయి కుప్పకూలాడు. స్నాయువు ఈసారి పూర్తిగా తెగింది. ఇక అయిపోయాడన్నారు. ఆ తర్వాత ఏడాదికి పైగా ఆటకు దూరంగా ఉన్నాడు. 2002 ప్రపంచకప్‌లో ఎనిమిది గోల్స్ కొట్టాడు, ఫైనల్లో జర్మనీ మీద రెండూ అతనివే.

మన కథల్లో మాత్రం ఆగినవాడికి చోటు తక్కువ. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ముందు వరుసలో దింపాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద జర్నైల్ గోల్ కొట్టాడు, 2-1తో స్వర్ణం మనదైంది. ఆ కథ చెప్పినప్పుడల్లా ఒళ్లు గగుర్పొడుస్తుంది, మాకూ అంతే. అదే జట్టులో సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఉన్నాడు. మర్నాడే అన్నట్టు, 1963లో, ఊపిరితిత్తుల పొరకు జబ్బు చేసి ముప్పై రాకముందే ఆట వదిలేశాడు. అతని పేరు ఈ జిల్లాల్లో ఎంతమందికి తెలుసు?

ఫుట్‌బాల్ దాకా ఎందుకు, అమలాపురం బ్యాడ్మింటన్ కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్‌ సాయిరాజ్ సంగతి చూడండి. గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్‌కెక్కిన భుజం అది. 2024 ఒలింపిక్స్ తర్వాత ఆ భుజం నొప్పి పెట్టి టోర్నీలు మానుకుంటే, ఎలా ఉందని అడిగినవాళ్లకన్నా తర్వాతి టోర్నీ ఆడతాడా అని అడిగినవాళ్లే మన కూడళ్లలో ఎక్కువ.

నెయ్‌మార్‌కు డాక్టర్లున్నారు, ఫిజియోలున్నారు. జాతీయ జట్టుకు ఆడుతూ ఆటగాడు గాయపడితే క్లబ్‌కు ఫిఫా పథకం కింద రోజుకు గరిష్ఠంగా 20 వేల యూరోలకు పైగా, మొత్తం 75 లక్షల యూరోల దాకా పరిహారం వస్తుంది. అతని కోసం ఏడ్చే మన కుర్రాడికి ఏముంది? సంక్రాంతికో ఉత్సవాలకో ఊరూరా కబడ్డీ, వాలీబాల్, అక్కడక్కడా ఫుట్‌బాల్ పోటీలు పెడతారు. ఫ్లడ్ లైట్లు, డీజే, మొదటి బహుమతికి వేలల్లో నగదు, దాతల పేర్లతో గేటంత ఫ్లెక్సీ. కుర్రాడి మోకాలు కటుక్కుమంటే నలుగురు చుట్టూ చేరి కాలు పట్టుకుని లాగుతారు, నరం తొలిగిందని ఒకడు, బెణికిందని ఒకడు, ఆయింట్‌మెంట్ రాసి గట్టిగా రుద్దేవాడు ఇంకొకడు. మర్నాడు నాటు కట్టు. రెండు నెలలకు నొప్పి పోతుంది, కుర్రాడు మళ్లీ కోర్టులో ఉంటాడు. ఈసారి ఎగిరి దిగేటప్పుడు మోకాలు జారిపోతుంది. స్కానింగ్‌కు కాకినాడో రాజమండ్రో వెళ్లేసరికి ఏసీఎల్‌తో పాటు మెనిస్కస్ కూడా చిరిగి ఉంటుంది. పోలీసు, ఆర్మీ సెలక్షన్ల కోసం పరుగు ప్రాక్టీసు చేసే పిల్లవాడైతే ఆ దారి అక్కడితో మూసుకుపోయినట్టే.

విడ్డూరం ఏమిటంటే, చేపలకూ రొయ్యలకూ ఊరికో ఐస్ ఫ్యాక్టరీ ఉన్న నేల ఇది. లారీలకొద్దీ ఐస్ పోసి సరుకు పంపిస్తాం. ఆటస్థలంలో వాచిన మోకాలి మీద పెట్టడానికి మాత్రం గడ్డ ఉండదు.

ఖర్చు లేకుండా చేయదగింది చాలా ఉంది. ఫిఫా వాళ్ల 11+ అనే వార్మప్ ఇరవై నిమిషాలది, బంతి తప్ప ఏ సామానూ అక్కర్లేదు. వారానికి రెండు మూడుసార్లు క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు సుమారు మూడో వంతు తగ్గాయి. గెంతి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగకుండా చూసుకోవడం అందులో ముఖ్యం, అది కబడ్డీకీ వాలీబాల్‌కీ పనికొస్తుంది. హైస్కూళ్లలో పీఈటీలకు ఒక పూట శిక్షణ ఇస్తే సరిపోయే పని. జిల్లా క్రీడాధికారులు దీనికి బడ్జెట్ లేదని అంటే మేం ఒప్పుకోం.

ఇక కమిటీల సంగతి. ప్రతి టోర్నమెంటుకూ మైకు పర్మిషన్ కోసం పోలీస్ స్టేషన్‌లో కాగితం పెడుతూనే ఉన్నారు. అదే కాగితంలో ఇంకో మూడు వరుసలు చేర్చాలి: మైదానంలో ఐస్ పెట్టె, స్ట్రెచర్, పిలిస్తే వచ్చే డాక్టరో ఫిజియోనో పేరు, ఫోన్ నంబరు. ఆ వరుసలు ఖాళీగా ఉన్న దరఖాస్తుకు పర్మిషన్ ఇవ్వకూడదు. వచ్చే సంక్రాంతికే ఇది మొదలుపెట్టమని రెండు గోదావరి జిల్లాలతో పాటు కోనసీమ, కాకినాడ కలెక్టర్లనూ కోరుతున్నాం.