మోత కోసం ఒక మీట

ఇటలీ కారు మసెరాటి గ్రాన్‌టూరిజ్మో మీద, డిక్కీ చాలదనీ మరోటనీ వినబడే ఫిర్యాదులన్నీ ఒక్క అపార్థంలోంచి పుట్టినవే. జనం దాన్ని ప్రయాణ సాధనం అనుకుంటున్నారు.

2007లో వచ్చిన ఆ బండి పొడవు 4.88 మీటర్లు. అందులో డిక్కీ వాటా 260 లీటర్లు. మిగతా చోటంతా ఏమైందని అడగడం మర్యాద కాదు. ముందు సగం ఇంజిన్ది, దాని పైన వంపు కార్లకు రూపం గీసే పినిన్‌ఫరీనా వారిది. ఖండాలు దాటించే బండి కాబట్టి మనిషిని దాటిస్తుంది. బట్టల సంగతి బట్టలే చూసుకోవాలి.

అసలు ఈ కంపెనీ సంప్రదాయమే అది. 1914లో ఇటలీలోని బొలోన్యాలో మొదలైంది. మసెరాటి అన్నదమ్ములు ఇంజిన్లతో కుస్తీ పడుతుంటే, వాళ్లలో చిత్రకారుడైన మారియో ఊళ్లోని నెప్ట్యూన్ విగ్రహం చేతిలో ఉన్న త్రిశూలాన్ని చూసి గుర్తు గీసిపెట్టాడు. తర్వాత యజమానులు మారారు, ఊరు మారి మోడెనా అయింది. గ్రాన్‌టూరిజ్మో నాటికి ఇంజిన్ కూడా ఫెరారీ వాళ్ల దగ్గర తయారై వచ్చేది. బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. కుటుంబంలో గట్టి ఇంజినీరు ఎవరో వేరే చెప్పాలా?

ఇక 2008 నాటి ఎస్ మోడల్. 4.7 లీటర్ల వి-8 ఇంజిన్, 440 హార్స్‌పవర్. ఇవి కాదు చూడాల్సింది, డాష్‌బోర్డు మీద ఉన్న స్పోర్ట్ మీట. అది నొక్కగానే పొగగొట్టంలో కవాటాలు తెరుచుకుంటాయి. పొగ సైలెన్సర్లో చుట్టూ తిరిగే శ్రమ మానుకుని అడ్డదారిన బయటపడుతుంది. మోత అణచడానికి ఒక ఇంజినీరు, అణిచిన మోతను విడిపించడానికి ఇంకో ఇంజినీరు! ఉపాధి కల్పన అంటే ఇదీ. మన ప్రభుత్వాలు గమనించాలి.

ఇంతలో కరెంటు బండ్ల కాలం వచ్చిపడింది. ఫోల్గోరే అనే కొత్త గ్రాన్‌టూరిజ్మోకి ఒక్కోటీ 300 కిలోవాట్ల మోటార్లు మూడు. వాటి సత్తా 1,200 హార్స్‌పవర్ పైమాటే. బ్యాటరీ మాత్రం 760 దగ్గర చేతులెత్తేస్తుంది. ఆ బ్యాటరీనైనా అందరిలా కాళ్లకింద పరిచారా? సీట్ల మధ్యలోంచి పొడవుగా దూర్చి, టి ఆకారంలో కూర్చారు. కాళ్లకింద పరిస్తే సీటు లేస్తుంది, సీటు లేస్తే కప్పు లేస్తుంది, కప్పు లేస్తే పరువు పోతుంది. డిక్కీ 270 లీటర్లు. పదహారేళ్ల పరిశోధనలో పది లీటర్లు లాభం!

అయితే అసలు చిక్కు మోతది. మోటార్లకు గొంతు లేదు. కాబట్టి పాత వి-8 గొంతును పోలిన శబ్దాన్ని తయారుచేసి స్పీకర్లలో వినిపిస్తున్నారు. ఇక ఆ స్పీకర్లకో సైలెన్సరు, ఆ సైలెన్సరును తప్పించడానికో మీట కావాలి. మోడెనాలో ఎవరో ఒకరు ఈపాటికే ఆ పని మీద కూర్చుని ఉంటారు.