మైనస్ పావు లీటరు

మొన్న బరంపురం నుంచి వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. కారొక్కటే కొత్త నూనె పోయించుకుని నిండు కడుపుతో షెడ్డులో పడుకుంది.

కారు కొని రెండేళ్ళు కూడా కాలేదు. పెట్రోల్ బండి. ఇంజిన్ ఆయిల్ తాగేస్తోంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి ముప్పావు లీటరు మాయం. కింద చూస్తే చుక్క కారదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వెనక గొట్టంలోంచి కాస్త నీలం పొగ వస్తుంది, నేను దిగి వెళ్ళి చూసేలోగా అదీ ఉండదు. డిక్కీలో గొడుగు పెట్టుకునే చోట ఆయిల్ డబ్బా పెట్టుకు తిరుగుతున్నాను.

శ్రీకాకుళంలో చూపిద్దామనుకుంటే, కంప్లైంట్ కొన్నచోటే రాయించాలని కస్టమర్ కేర్ అమ్మాయి తేల్చేసింది. కొన్నది బరంపురంలో. 1936లో గీసిన రాష్ట్రాల సరిహద్దు గీత పుణ్యమా అని మా పర్లాకిమిడి ఒడిశాలోకి వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రా వైపే ఉండిపోయింది. మా జిల్లా ఓడీ 20 రిజిస్ట్రేషన్ నంబరుకి గొడవ లేకుండా ఉంటుందని మన రాష్ట్రంలోనే కొన్నాం. ఆ మన రాష్ట్రంలోని షోరూంకి వెళ్ళాలంటే ముందు ఆంధ్రాలోకి పోయి, టెక్కలి దగ్గర హైవే ఎక్కి, పలాస, ఇచ్ఛాపురం దాటి మళ్ళీ ఒడిశాలో దిగాలి. రానూ పోనూ 250 కిలోమీటర్ల పైమాటే. అంటే వెళ్ళొచ్చేసరికే బండి ఇంకో గ్లాసుడు తాగేస్తుంది.

అక్కడి సర్వీస్ అడ్వైజర్ చాలా మర్యాదస్తుడు. నేను ఏం చెప్పినా "ఆజ్ఞా" అంటాడు. ఒడియాలో అది "చిత్తం" లాంటి మాట. తెలుగు చెవికి మాత్రం మనమేదో ఆజ్ఞ జారీ చేసినట్టు, అతను అమలు చేయబోతున్నట్టు హాయిగా ఉంటుంది. పిస్టన్ రింగులో, వాల్వ్ సీల్సో పోయుంటాయి, ఒకసారి ఇంజిన్ విప్పి చూడమన్నాను. ఆజ్ఞా. వారంటీ ఉండగానే తేల్చమన్నాను. ఆజ్ఞా. మరి ఎప్పుడు విప్పుతారంటే, "వెయ్యి కిలోమీటర్లకి లీటరు దాకా నార్మలే సార్, బుక్కులో ఉంది" అన్నాడు. నా జీతంలోంచి నెలకింత ఎవడో తినేస్తుంటే అది నార్మలని బ్యాంకువాడు చెప్పినట్టుంది.

గట్టిగా పట్టుబడితే చివరికి టెస్ట్ పెడతామన్నారు. ఆయిల్ మార్చి, డిప్‌స్టిక్ మీద, అంటే ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల మీద, పై గీత దాకా పోసి, ఆయిల్ మూతకీ డిప్‌స్టిక్‌కీ కింద డ్రెయిన్ బోల్టుకీ ఎర్ర పెయింటు చుక్కలు పెట్టారు. అదే సీలు. వెయ్యి కిలోమీటర్లు తిప్పి తీసుకురావాలి, ఈలోగా బోనెట్ జోలికి పోకూడదు.

సైకిల్ మీద చుట్టి రాగలిగే ఊళ్ళో వెయ్యి కిలోమీటర్లు తిప్పడం ఎలాగో నన్నడక్కండి. కరివేపాకుకి పాతపట్నం వెళ్ళాను. ముఖం తెలియని వాళ్ళ పెళ్ళికి గుణుపురం వెళ్ళాను. మొత్తానికి తిప్పాను.

ఇక్కడ మా మావగారి గురించి చెప్పాలి. ఆయన ఆ నెల మా ఇంట్లోనే ఉన్నారు. ముప్పై ఏళ్ళు టూ స్ట్రోక్ స్కూటర్ నడిపిన మనిషి. అందులో పెట్రోల్‌తోపాటే ఆయిల్ కలిపి పోసేవారు, ఆ నూనె కాలి పొగైపోవడమే దాని ధర్మం. కాబట్టి నూనె తాగని బండి ఆయన దృష్టిలో అన్నం తినని పిల్లాడితో సమానం. నేను రోజూ సీలు వేసిన బోనెట్ వంక దిగులుగా చూడడం, ఎర్ర దీపం వెలుగుతుందేమోనని డాష్‌బోర్డు మీదే కళ్ళు పెట్టి నడపడం ఆయన గమనిస్తూనే ఉన్నారు. ఏమీ అనలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

బరంపురానికి ఆయన కూడా బయల్దేరారు. అక్కడ పట్టుబట్టలు బాగుంటాయని వంక.

షోరూంలో బండిని చదునైన చోట పెట్టి, ఇంజిన్ ఆపి, పది నిమిషాలు ఆగారు. నూనె కిందికి దిగాలి కదా. అడ్వైజర్ డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి లాగాడు. చూశాడు. వెలుగులోకి తీసుకెళ్ళి చూశాడు. మళ్ళీ తుడిచి పెట్టి లాగాడు. నూనె కింది గీత దగ్గరికి దిగి ఉండాలి. పై గీత దాటి ఇంకా పైన, పుల్ల మెడ మీద మెరుస్తోంది.

"సార్, మీ ఇంజిన్ ఆయిల్ తాగడం లేదు. తయారు చేస్తోంది."

జాబ్ కార్డు మీద నిజంగానే రాశాడు. ఆయిల్ కన్సంప్షన్: మైనస్ పావు లీటరు. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది. గల్ఫ్ దేశాలవాళ్ళకి తెలిస్తే బండిని ఎత్తుకుపోతారు.

ఫోర్‌మన్ని పిలిచాడు. ఆయన పెద్దాయన, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని పుల్లని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొన్ని బళ్ళలో పెట్రోల్ గానీ డీజిల్ గానీ నూనెలోకి దిగి లెవెల్ పెరుగుతుందట. పెట్రోల్ వాసన లేదు. మేనేజరొచ్చి ఆయనా వాసన చూశాడు. నన్నూ చూడమన్నారు. పెళ్ళివంటలో సాంబారు రుచి చూడమని గరిటె అందించినట్టు నలుగురం ఒక పుల్ల చుట్టూ నిలబడ్డాం. నేను కూడా గంభీరంగా పీల్చి, తల పంకించాను. ఏం తెలిసిందని పంకించానో ఇప్పటికీ నాకు తెలీదు.

అప్పుడు అడ్వైజర్ చూపు ఆయిల్ మూత మీది సీలు మీద పడింది. పెయింటు ఎరుపు కొంచెం నారింజలోకి తిరిగింది. ఎడమచేతి గోరుతో గీకాడు. గీకగానే ఊడి వేలికి అంటుకుంది. పెయింటు అలా అంటుకోదు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని కనుబొమలు ముడిచాడు.

"నువ్వుల నూనె వాసనొస్తోంది సార్."

ఫోర్‌మన్ ఆ వేలిని పట్టుకుని తనూ చూశాడు. చూసి, ఏమీ ఆలోచించకుండా, అలవాటు కొద్దీ కాస్త తీసి నుదుటన పెట్టుకున్నాడు.

వెనక బెంచీ మీద నుంచి మా మావగారు గభాల్న లేచారు. "ఏటి బాబూ అది! ఎడం చేత్తో గీకీడమేటి? ఆంజనేయసామి సిందూరం!"

ఏసీ చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఆయన మెల్లగా మళ్ళీ కూర్చున్నారు.

పది రోజుల కిందట, నేను ఆఫీసుకి వెళ్ళాక, బ్లేడుతో పెయింటు గీకి, మూత తీసి, పొలం మోటారుకి తెచ్చిన లీటరు డబ్బా బొట్టు మిగల్చకుండా ఒంపేశారట. తర్వాత గుళ్ళోంచి తెచ్చిన సిందూరం నువ్వుల నూనెలో రంగరించి చుక్క పెట్టారు. "అమ్మాయి ఎక్కే బండి బాబూ. ఖాళీ కడుపుతో ఎలా తిప్పీడం?" అన్నారు నాతో. ఏమనగలను? అదే మా తమ్ముడైతే అక్కడే తన్నేవాణ్ణి.

నా కోపమంతా ఆ తర్వాతి పావుగంట మీద. లీటరు పోశారు, పై గీత మీద పావు లీటరు మిగిలింది, అంటే బండి తాగింది ముప్పావు లీటరు. మూడో క్లాసు లెక్క. నేను మొదటి రోజు నుంచీ చెబుతున్నదీ అదే! కాగితం మీద వేసి చూపించాను. ఆజ్ఞా, అన్నాడు. లెక్క కరెక్టే సార్, కానీ సీలు విరిగింది, సిస్టం తీసుకోదు. పైగా పోసింది పొలం మోటారు ఆయిల్, ఈ ఇంజిన్‌కి చెప్పిన గ్రేడు కాదు. కాబట్టి ఉన్నదంతా తీసేసి కొత్తది పోయాలి. అది వారంటీలో రాదు. బిల్లు 3,460 రూపాయలు. అమ్మిన బండి నెలకో లీటరు మింగితే నార్మలట, ఒక ముసలాయన దానికి ఓ లీటరు పెడితే నేరమట.

మళ్ళీ పై గీత దాకా పోశారు. మళ్ళీ మూడు చుక్కలు పెట్టారు. ఈసారి పచ్చ పెయింటు. మావగారు పట్టుబట్టల కొట్టు ఊసెత్తలేదు. పలాస దాటాక మాత్రం, "పచ్చ రంగు దేంతో వస్తాది బాబూ?" అని అడిగారు.

ప్రస్తుతానికి 163 కిలోమీటర్లు అయ్యాయి. ఇంకా 837 ఉన్నాయి. పాతపట్నం, టెక్కలి వైపు ఎవరికైనా పనుంటే చెప్పండి, దింపుతాను. కారు తాళాలు బియ్యం డబ్బాలో దాచాను. ఆ సంగతి మా మావగారి ముందు అనకండి.